ఏడు ద్వారాలకు ఏడు వస్తువులు

చి. అమ్మడూ,

ఆశీస్సులు. నీ నవల ప్లాను మొత్తం చదివాను. రాజమండ్రి పిల్ల ఒకత్తి, పన్నెండేళ్ళు. దాని స్కూలు బ్యాగులో దాక్కున్న జపాన్ నక్క, పుష్కర్ ఘాట్‌లో తేలిన గ్రీకు సముద్ర దేవుడు, మూడో అధ్యాయానికి ఈజిప్టు పిల్లి, అయిదో అధ్యాయానికి వైకింగుల తోడేలు. పిల్ల బాగుంది. నోటి దురుసు, చెప్పులు ఎక్కడంటే అక్కడ వదిలేసి వచ్చే అలవాటు. తమ్ముడంటే ప్రాణం, ఆ మాట మాత్రం ఒప్పుకోదు. దాన్ని ఉంచు. మిగతా చుట్టాలందరినీ ఈ పుస్తకంలోంచి సాగనంపు.

ఎందుకంటే ప్రతి పురాణానికీ తన చట్టం ఉంటుంది. చచ్చినవాడు ఎక్కడికి పోతాడు, అక్కణ్ణించి తిరిగి రావచ్చా, దేవుడు ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుంది, ఇవన్నీ ఆ నేల మీద ఎప్పుడో తేలిపోయిన సంగతులు. గ్రీకు దేవతలకు చావు లేదు. వైకింగులు కొలిచిన నార్స్ దేవతలు చస్తారు, ఎవరు ఎవరి చేతిలో పోతారో కూడా ముందే చెప్పి ఉంటుంది. రెండు చట్టాలనూ ఒకే కథలో పెట్టావనుకో, పదేళ్ళ పాఠకుడు వెంటనే పట్టేస్తాడు: "తోడేలు మింగడానికి వస్తుంటే ఆ చావులేని ఆయన్ని అడ్డం పెట్టొచ్చుగా?" దానికి నీ దగ్గర జవాబు ఉండదు. అప్పుడు కొత్త మంత్రం ఒకటి కనిపెడతావు. దాన్ని నిలబెట్టడానికి ఇంకో మంత్రం. పిల్లల ఫాంటసీలు సగంలో కూలిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒక పుస్తకానికి ఒక నేల చాలు. రెండో నేలను తేవాలంటే ఆ రెండింటి మధ్యా నిజంగా రాకపోకలు ఉండి ఉండాలి. ఘానాలోని అకాన్ ప్రజల సాలీడు అనాన్సీ జమైకా కథల్లో ఉన్నాడంటే, బానిస ఓడల్లో తీసుకుపోయిన మనుషులతో పాటు కథా వెళ్ళింది కాబట్టి. అలాంటి దారి దొరికితే వాడుకో. దొరక్కపోతే రెండో పుస్తకానికి దాచుకో.

నన్నడిగితే సుమేరు తీసుకో. నేటి ఇరాక్ దక్షిణ భాగం. ఆ ప్రాంతపు, అంటే మెసపటేమియా మట్టి పలకల్లో మెలుహ్హా అనే దేశం మాట వస్తుంది, పండితుల్లో ఎక్కువమంది దాన్ని సింధులోయగా గుర్తిస్తారు. సింధు ప్రాంతపు కార్నీలియన్ పూసలు, ఆ ఎర్రటివి, ఊర్ నగరపు రాజసమాధుల్లో దొరికాయి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఆ రాతి పూసలు ఇవాళ్టికీ చేస్తున్నారు. ఎగ్జిబిషన్‌లో కొన్న ఒక ఎర్రపూస నీ పిల్ల చేతిలో ఉంటే చాలు, రాజమండ్రి నుంచి ఊర్ దాకా దారి పడినట్టే. (ఈజిప్టు మీద అంత మనసుంటే ఆ కథ హైదరాబాదులో మొదలుపెట్టుకో. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అసలు సిసలు మమ్మీ ఉంది. అది వేరే పుస్తకం.)

ఇక పురాణంలోంచి ఏం తీసుకోవాలి? పెద్ద కథ వద్దు. ఒక షరతు, దానికి కట్టిన వెల, ఈ రెండూ తీసుకో. నార్స్ కథల్లో ఫెన్రిర్ అనే తోడేలును కట్టడానికి మరుగుజ్జులు ఒక పట్టీ చేస్తారు. అందులో పడిన దినుసులు ఆరు: పిల్లి అడుగుల చప్పుడు, ఆడవాళ్ళ గడ్డం, కొండ వేళ్ళు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పిట్ట ఉమ్మి. పట్టీ చూస్తే సిల్కు రిబ్బనులా మెత్తగా ఉంటుంది. తోడేలుకు అనుమానం వస్తుంది. మోసం లేదనడానికి మీలో ఒకరు నా నోట్లో చెయ్యి పెట్టండి అంటుంది. టీర్ అనే దేవుడు పెడతాడు. తోడేలు కట్టుబడిపోతుంది, టీర్ కుడిచెయ్యి పోతుంది. దినుసులకు పిల్లలు నవ్వుతారు, మర్నాడు కూడా గుర్తుండేది ఆ చెయ్యి. దినుసులు మాత్రం ఎత్తుకొచ్చి చేతిని వదిలేసిన నవలలు బోలెడు. అవి ఎందుకు తేలిపోతాయో చదివినవాళ్ళు చెప్పలేరు, కానీ పుస్తకం పక్కన పెట్టేస్తారు.

సుమేరులో నీకు కావలసింది ఇనాన్నా అనే దేవత పాతాళానికి దిగిన కథ. సుమారు 400 పంక్తుల కావ్యం. దాదాపు 3,750 ఏళ్ళనాటి మట్టి పలకల మీద ఉంది, ఆ పలకలు ఎక్కువగా నిప్పూర్ అనే పాత సుమేరు నగరంలో దొరికాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు సుమేరు సాహిత్యంలో చాలా రచనల్ని ఇంగ్లీషు అనువాదంతో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, అందులో చదువు. సారాంశాలు చదివి రాయకు, సారాంశం రాసేవాడు మొదట కోసేసేవి వస్తువులే, నీకు కావలసినవీ అవే. ఇదే కథ ఇష్తార్ పేరుతో అక్కాదీ భాషలో కూడా ఉంది, దీనిలో మూడో వంతు ఉంటుంది, వస్తువులు వేరు. రెండింటినీ కలిపెయ్యకు. మూడుసార్లు చదువు. మూడోసారి నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసి రాసుకో: ఎవరు, ఏ వస్తువు, ఏ షరతు, ఏ వెల. నాలుగో గడి ఖాళీగా ఉన్న సంఘటన ఎంత అందంగా ఉన్నా నీకు పనికిరాదు.

కథ ఇది. ఇనాన్నా తన అక్క ఎరెష్కిగల్ ఏలే చచ్చినవాళ్ళ లోకానికి వెళ్తుంది. ఏడు ద్వారాలు. కాపలాదారు ఒక్కో ద్వారంలో ఒక్కో వస్తువు తీసేసుకుంటాడు: తలపాగా, మెడలోని నీలిరాయి పూసలు, గుండెల మీది జంట పూసలు, రొమ్ము మీది పతకం, చేతి బంగారు కడియం, నీలిరాయి కొలకర్రా కొలతాడూ కలిపి ఒకటిగా, చివరికి కట్టుబట్ట. ప్రతిసారీ ఆమె "ఇదేమిటి?" అంటుంది. ప్రతిసారీ ఒకటే జవాబు: మాట్లాడకు, ఇక్కడి పద్ధతి ఇది. లోపలికి చేరేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఆమెను చంపి శవాన్ని కొక్కేనికి తగిలిస్తారు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు. (కొక్కెం తీసెయ్యమని ఎవరో ఒకరు చెబుతారు. ఉంచు. ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు నడువు. పిల్లలు తట్టుకుంటారు, వర్ణిస్తేనే భయపడతారు.)

ఈ ఏడు ద్వారాలే నీ నవలకు వెన్నెముక. ప్రమాదమూ ఇక్కడే ఉంది. ఏడుసార్లు ఒకే పని జరిగితే నాలుగో ద్వారానికి పాఠకుడు ఆవలిస్తాడు. దానికి మందు ఒక్కటే. తీసుకున్న వస్తువు అంతకుముందు పనికొచ్చి ఉండాలి, అది లేకపోవడం వల్ల తరవాతి ద్వారం కష్టం కావాలి.

నీ పిల్ల మీద వేసి చూపిస్తాను. మొదటి ద్వారంలో ఫోను పోతుంది. ఈ కాలపు పిల్లల నవలలో "అమ్మకి ఫోను చెయ్యొచ్చుగా" అన్న ప్రశ్నకు సిగ్నల్ లేదనీ, ఛార్జింగ్ అయిపోయిందనీ అందరూ రాసే జవాబులే. ఇక్కడ పాతాళమే ఆ పని చేసి పెడుతోంది. కాకపోతే ముందు దాని టార్చి వెలుగులోనే మెట్లు దిగి ఉండాలి. రెండో ద్వారంలో చెప్పులు. ఎప్పుడూ పారేసుకునే వస్తువు మొదటిసారి చేజారిపోతుంటే ఏడుపొస్తుంది. మూడో ద్వారం ముందు నేలంతా విరిగిన కుండపెంకులు. నాలుగో ద్వారంలో ఒక మాట తీసుకో: "ఎందుకు". నోటి దురుసు పిల్లకు అంతకంటే పెద్ద నష్టం లేదు. అక్కణ్ణించి చివరిదాకా దాని సంభాషణల్లో ఆ మాట రాకూడదు. ఫైలులో వెతుకు బటన్ నొక్కి ఒక్కొక్కటీ తీసెయ్. "ఎందుకంటే" కూడా పోవాలి. అడగలేని పిల్ల చూడడం నేర్చుకుంటుంది, అయిదో ద్వారం ఆ చూపుతోనే తెరుచుకోవాలి. ఎర్రపూసను ఆరో ద్వారం దాకా పోనివ్వకు. ఇంటికి దారి అదే గనక, అది పోయిన రోజున పాఠకుడి కడుపులో కూడా చల్లబడాలి.

అన్ని ద్వారాలకూ సమానంగా చోటు ఇవ్వకు. మొదటిదానికి రెండు అధ్యాయాలు. రెండు, మూడు కలిపి ఒకటి. నాలుగుకి రెండు. అయిదోది పరుగులో సగం అధ్యాయం. ఏడోదానికి మళ్ళీ రెండు.

రాణిగారి గదిలో కత్తియుద్ధం పెట్టావు. తీసెయ్. పురాణంలో ఎంకి అనే దేవుడు తన గోళ్ళ కింద మట్టి తీసి రెండు చిన్న ప్రాణుల్ని చేసి పంపుతాడు, కుర్గర్రా, గలతుర అని. అంతకుముందు ఇద్దరు పెద్ద దేవుళ్ళు సాయానికి ఒప్పుకోలేదు, ఇది గుర్తుంచుకో. ఆ మట్టి ప్రాణులు వెళ్ళేసరికి ఎరెష్కిగల్ పురిటినొప్పులు పడే మనిషిలా మూలుగుతూ ఉంటుంది. "అయ్యో నా గుండె" అంటే వాళ్ళూ "అయ్యో నీ గుండె" అంటారు. "అయ్యో నా కాలేయం" అంటే "అయ్యో నీ కాలేయం". అంతే. తన బాధ విన్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు గాబోలు, ఏం కావాలో కోరుకోమంటుంది. నది నిండా నీళ్ళు ఇస్తానంటుంది, పొలం నిండా ధాన్యం ఇస్తానంటుంది. వద్దని, కొక్కేనికి వేలాడే శవాన్ని ఇమ్మంటారు. నాలుగు వేల ఏళ్ళ కిందటి కథలో ఇంత మెత్తని ఎత్తు ఉండగా కత్తి దేనికి?

పైగా తెలుగులో నీకు ఇక్కడ ఇంకో సదుపాయం ఉంది. నీ పిల్ల ఇనాన్నాను "పిన్నీ" అని పిలవడం మొదలుపెట్టిందనుకో, అక్క కాబట్టి ఎరెష్కిగల్ దానంతట అదే "పెద్దమ్మ" అవుతుంది. పేదరాశి పెద్దమ్మ కథలు విన్న పిల్లలకు ఆ పిలుపు ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు. చచ్చినవాళ్ళ రాణిని జీవితంలో మొదటిసారి ఒకరు వరస పెట్టి పిలవడం, నీ క్లైమాక్సు అదే కావచ్చు. ఇంగ్లీషులో రాసేవాళ్ళకు ఆంటీ అనే ఒక్క మాటతో ఇది కుదరదు.

నీళ్ళు, ధాన్యం వద్దన్నారు చూశావా, పాతాళంలో పెట్టింది ముట్టుకోకూడదన్న ఆ షరతు మిగతా చోట్ల కూడా ఉంది. గ్రీకు పెర్సెఫొనీ పాతాళంలో దానిమ్మ గింజలు తిన్నందుకు ఏటా కొన్ని నెలలు అక్కడే ఉండాలి. జపాన్ ఇజనామి యోమి లోకపు పొయ్యి మీద వండింది తినేసింది, ఇక తిరిగి రాలేకపోయింది. మన నచికేతుడు యముడి ఇంట మూడు రాత్రులు పస్తున్నాడు, మూడు వరాలతో తిరిగొచ్చాడు. అలాగే బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటే, రష్యా కొష్చేయ్ ప్రాణం సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. ఈ పోలికలు పుస్తకంలో ఉపన్యాసంలా పెట్టకు. నీ పిల్లకు నచికేతుడి కథ వాళ్ళ అమ్మమ్మ చెప్పి ఉంటే చాలు, పాతాళంలో వేడి రొట్టె ఎదురొచ్చినప్పుడు ఏం చెయ్యాలో దానికి తెలుస్తుంది.

తిరుగుదారి. పాతాళం నుంచి ఒకరు బయటికి రావాలంటే బదులు ఇంకొకరు వెళ్ళాలి. ఇనాన్నా తన కోసం ఏడవని భర్త దుముజిని పంపుతుంది. చివరికి ఏడాదిలో సగం దుముజి, సగం అతని సోదరి గెష్తినాన్నా అక్కడ ఉండేట్టు తేలుతుంది. తోబుట్టువు సగం పంచుకోవడం పురాణంలోనే ఉంది, నీ కథలో తమ్ముడూ ఉన్నాడు. ఇంకేం కావాలి? చివర్లో కొత్త శక్తులేవీ కనిపెట్టకు. ఆర్నెల్లు పిల్ల పాతాళంలో ఉంటే బడి పోతుంది కాబట్టి సగం అనేది కాలమే కానక్కర్లేదు. ఇద్దరి కలల్లో సగం కావచ్చు. ఏదైనా సరే, పంచుకున్నది పోయినట్టు ఇద్దరికీ తెలియాలి. ఆఖరి పేజీలో అన్నీ తిరిగి ఇచ్చేస్తే ఏడు ద్వారాలూ ఉత్త తమాషా అయిపోతాయి.

నేల గురించి రెండు మాటలు. సుమేరులో రాయి, మంచి కలప కరువు. ఇళ్ళు మట్టి ఇటుకలవి, రెల్లువి. బార్లీ రొట్టె, ఖర్జూరం, చేపలు, ఉల్లి. సరుకు మోసేది గాడిదలు, పడవలు. ఎడారి అనగానే ఒంటెల బిడారు పెట్టకు. నీలిరాయి అఫ్ఘనిస్తాన్ బదక్షాన్ కొండల నుంచి వచ్చేది, అందుకే అంత ఖరీదు.

పేర్ల దగ్గర తెలుగుకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులున్నాయి. ఇనన్న అని రాస్తే వీరన్న, మల్లన్న వరసలో మగపేరైపోతుంది, దీర్ఘం పెట్టి ఇనాన్నా అను. చంద్రుడి పేరు నన్నా, ఆయన ఇనాన్నాకు తండ్రి. ప్రూఫులు దిద్దేవాళ్ళు దాన్ని "నాన్నా" అని మార్చేస్తారు, విచిత్రంగా అర్థం కూడా కుదురుతుంది. కాపలాదారు పేరు నేతి. మన చెవికి నెయ్యి గుర్తొస్తుంది. దాచకు, నీ పిల్ల అతన్ని నేతిబీరకాయ అని వెక్కిరించనీ. చందమామలో ఒడిస్సీ "రూపధరుడి యాత్రలు"గా వచ్చినప్పుడు పేర్లన్నీ తెలుగు చేసేశారు. ఇవాళ్టి పిల్లలు అసలు పేరుతో ఇంటర్నెట్‌లో వెతుక్కుంటారు కాబట్టి అసలు పేర్లే ఉంచమంటాను. పుస్తకం మొత్తానికి కొత్త పేర్లు పన్నెండు దాటనివ్వకు, ఒక అధ్యాయంలో రెండుకు మించి పరిచయం చెయ్యకు. పొల్లుతో ముగిసే పేరుకు విభక్తి తగిలిస్తే కంప్యూటరు ఒత్తు కలిపేసి నిప్పూర్లో అని చేస్తుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ కొడితే నిప్పూర్‌లో అని నిలబడుతుంది. దేవుళ్ళ చేత "ఓరీ బాలకా" అనిపించకు. రాణి పిల్లను నువ్వు అంటుంది, పిల్ల రాణిని మీరు అంటుంది, పెద్దమ్మ అయిన క్షణం నుంచి నువ్వు అంటుంది. ఆ మార్పు పాఠకుడికి వినపడాలి.

సుమేరు దేవతలకు పూజలు ఆగిపోయి చాలా కాలమైంది కాబట్టి నీకు చెయ్యి ఆడుతుంది. మన దేవుళ్ళు, పశ్చిమాఫ్రికా యొరుబా ప్రజల దేవతలైన ఒరిషాలు, జపాన్ షింతో దేవతలు అలా కాదు, ఇవాళ కూడా దీపం పెట్టేవాళ్ళున్నారు. నార్స్ దేవతల్ని కొలిచే సంఘానికి ఐస్‌లాండ్‌లో 1973లో గుర్తింపు వచ్చింది. అమెరికా నవాహో ప్రజలు కొయోటీ (నక్కలాంటి జంతువు) కథల్ని చలికాలంలోనే చెప్పుకుంటారు. ఆస్ట్రేలియా ఆదివాసుల కథల్లో బయటివాళ్ళకు చెప్పకూడనివి ఉన్నాయి. అలాంటి నేల ఎంచుకుంటే ఆ మనుషుల్లో ఒకరైనా చదివి సరే అన్నాకే అచ్చుకు పంపు.

హక్కుల సంగతి. పురాణం ఎవరి సొత్తూ కాదు, దాని అనువాదం అనువాదకుడిది. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. కాబట్టి అనువాద వాక్యాలు ఎత్తకు, సంఘటనలు తీసుకుని నీ మాటల్లో రాయి. ఇంకో ఉచ్చు ఉంది: సినిమాల్లో చూసింది పురాణమనుకోవడం. లోకి థోర్‌కు తమ్ముడన్నది కామిక్సుల కల్పన. నార్స్ పురాణాల పాత గ్రంథాలైన ఎడ్డాల్లో అతను పెద్ద దేవుడు ఓడిన్‌తో రక్తం కలిపి ప్రమాణం చేసిన సోదరుడు. కామిక్సు కల్పన వాడితే తప్పూ నీదే, లాయరు నోటీసూ నీకే.

నిడివి 30,000 మాటలు దాటనివ్వకు. ఇంగ్లీషులో ఈ వయసు ఫాంటసీలు పొడుగ్గా ఉంటాయి గానీ, ఇంగ్లీషులో మూడు మాటలయ్యేది మనకు ఒక మాటలో ఇమిడిపోతుంది. 24 అధ్యాయాలు, ఒక్కోటి 1,200 నుంచి 1,250. మూడో అధ్యాయం ముగిసేలోపు పిల్ల మెట్లు దిగాలి. డెమ్మీ సైజులో, 14 పాయింట్ అక్షరాలతో, పేజీకి 200 మాటల లెక్కన 150 పేజీలు. ముందు పేజీలు, బొమ్మలు కలిసి 160, అంటే పది ఫారాలు (ఫారం అంటే 16 పేజీలు). 163కి పోతే అదనపు ఫారం ఖర్చు పడుతుంది. మూడు పేజీలు కోసెయ్.

రాసింది ఇద్దరు ముగ్గురు పదేళ్ళ పిల్లలకు బయటికి చదివి వినిపించు. నీ పిల్లలు కాకూడదు, వాళ్ళు మొహమాటపడతారు. బాగుందా అని అడక్కు. చదువుతూ మధ్యలో నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళు. తిరిగొచ్చేసరికి "తరవాతేమైంది" అని అడిగారా, వేరే ఆటలో పడ్డారా చూసుకో. ఏ పేజీ దగ్గర లేచావో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.

మొదటి ఆరు ద్వారాలకు నేను చెప్పినవి మార్చుకుంటే మార్చుకో. మూడుకు, అయిదుకు నేనేమీ చెప్పలేదు కూడా. ఏడో ద్వారంలో ఇనాన్నా దగ్గర తీసుకున్నది కట్టుబట్ట, రాణి అని గుర్తుపట్టడానికి మిగిలిన ఆఖరి ఆనవాలు. నీ పిల్ల దగ్గర అది ఏమిటో తేల్చుకోకుండా మొదటి అధ్యాయం మొదలుపెట్టకు. తేలాక ఒక్క పోస్టుకార్డు ముక్క రాసి పడెయ్, మిగతాది తరవాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి